అవతలి కంప్యూటర్‌లోనూ అదే పత్రం కనిపించాలంటే

(ఒంగోలులో డీటీపీ నిర్వాహకులు, దస్తావేజు లేఖరులు, ఉపాధ్యాయులు, గ్రానైట్ కార్యాలయాల ఉద్యోగులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాలులో కూర్చున్నవారి పనులు రకరకాలు. కర్నూలు రోడ్డులో డీటీపీ షాపులు నడుపుతున్నవారు ఉన్నారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవారు, చీమకుర్తి గ్రానైట్ కంపెనీల్లో ఎగుమతి కాగితాలు చూసేవారు ఉన్నారు. పొదిలి, కనిగిరి, దర్శి వైపు నుంచి ఉపాధ్యాయులు వచ్చారు. పనులు ఎన్ని రకాలైనా అందరి నోటా వినిపించే ఫిర్యాదు ఒకటే. "మా దగ్గర బాగానే ఉందండీ. వాళ్లు తెరిస్తే చెదిరిపోయిందట."

ఈ మాటలోని రెండో సగం సాంకేతిక సమస్య. దాన్ని వివరంగా చూద్దాం. మొదటి సగం మాత్రం మన ఆలోచనకు సంబంధించినది. మా దగ్గర బాగుంది కనుక మా పని పూర్తయిందనే అర్థం అందులో ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. పత్రం ఎవరి కోసం తయారుచేశామో వారి దగ్గర సరిగ్గా తెరుచుకునేదాకా ఆ పని మనదే. ఏ సాఫ్ట్‌వేర్‌లో కొట్టామో, ఏ ఫాంటు వాడామో, పట్టిక ఎలా గీశామో మనకు తెలుసు. అందుకునేవారికి ఆ వివరాలేవీ తెలియవు. అన్నీ తెలిసినవారు ఊరుకుని, ఏమీ తెలియనివారు తంటాలు పడటం న్యాయం కాదు.

అందుకని పంపే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. అవతలివారు ఈ ఫైలుతో ఏం చేస్తారు? చదువుతారా, దిద్దుతారా, లెక్కలు కడతారా?

చదవడానికే అయితే పీడీఎఫ్ పంపండి. అడోబీ సంస్థ 1993లో తెచ్చిన ఈ ఫార్మాటు 2008లో ఐఎస్ఓ 32000 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం అయింది. పేజీలో ఏ అక్షరం ఎక్కడ పడాలో అది ముందే నిర్ణయమై ఉంటుంది. వాడిన ఫాంటు కూడా ఫైలులోనే పొదిగి వెళుతుంది. శుభలేఖ ప్రూఫు, కరపత్రం, నోటీసు, తుది ప్రశ్నపత్రం ఇలా వెళ్లాల్సినవే. కానీ రోజూ జరిగేది తలకిందులుగా ఉంటోంది. ప్రూఫులు వర్డ్ ఫైళ్లుగా వస్తున్నాయి, దిద్దాల్సిన ఒప్పందాలు పీడీఎఫ్‌లుగా వస్తున్నాయి.

తెలుగు పీడీఎఫ్ విషయంలో ఒక హెచ్చరిక. కంటికి ఎంత చక్కగా కనిపించినా, అందులోని తెలుగు వాక్యాన్ని కాపీ చేసి వేరేచోట అతికిస్తే చాలాసార్లు వత్తులు ఊడిపోతాయి, గుణింతాలు తారుమారవుతాయి. పీడీఎఫ్ భద్రపరిచేది ముఖ్యంగా అక్షరాల ఆకారాలను. ఇంగ్లీషులో ఒక్కో ఆకారం ఒక్కో అక్షరం కనుక వెనక్కి తీయడం తేలిక. తెలుగులో మూడు నాలుగు సంకేతాలు కలిసి ఒకే ఆకారమవుతాయి, ఒకే సంకేతం రెండు ముక్కలుగానూ కనిపిస్తుంది. ఆకారం నుంచి అక్షరాలను తిరిగి రాబట్టడం ప్రతిసారీ కుదరదు. కాబట్టి అవతలివారు ఒక్క పేరాను అయినా వాడుకోవాల్సి వస్తుందనుకుంటే పీడీఎఫ్‌తో పాటు మూలం కూడా పంపండి. లేకపోతే వారు మొదటి నుంచి మళ్లీ కొట్టుకోవాలి. వర్డ్, ఎక్సెల్ చేసే పనులే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రె ఆఫీస్‌లో హైబ్రిడ్ పీడీఎఫ్ అనే సదుపాయం ఉంది. దానితో మూలపత్రాన్ని కూడా పీడీఎఫ్ లోపలే పెట్టి పంపవచ్చు. లిబ్రె ఆఫీస్ ఉన్నవారు దాన్నే తెరిచి దిద్దుతారు, లేనివారు మామూలు పీడీఎఫ్‌లా చదువుకుంటారు. ఇంత మంచి సదుపాయాన్ని వాడేవారు చాలా తక్కువ.

ఇక దిద్దడానికి పంపే పత్రాలు. చెదిరేవి ఇవే. ఎందుకు చెదురుతాయో అర్థం కావాలంటే వర్డ్ ఫైలు లోపల ఏముందో తెలియాలి. ఇది గ్రానైట్ సీమ కనుక అదే భాషలో చెబుతాను. పీడీఎఫ్ కోసి పాలిష్ పట్టిన పలక. వర్డ్ ఫైలు కోత కొలతలు రాసిన చీటీ. తెరిచిన ప్రతిసారీ ఆ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ చీటీ చదివి పేజీని కొత్తగా కోస్తుంది. ఇది నా మాటగా నమ్మనక్కర్లేదు. వర్డ్ ఇప్పుడు వాడే డాక్ఎక్స్ ఫైలుకు ఒక నకలు తీసి, దాని పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. లోపల నాలుగైదు ఫోల్డర్లు, మామూలు అక్షరాల్లో రాసిన ఫైళ్లు కనిపిస్తాయి. లిబ్రె ఆఫీస్ వాడే ఓడీటీ ఫైలు కూడా అలాంటి జిప్ మూటే. వాటిలో ఫాంటు పేరు మాత్రమే ఉంటుంది. మనం ప్రత్యేకంగా పొదిగితే తప్ప ఫాంటు ఉండదు. అవతలి కంప్యూటర్‌లో ఆ పేరు గల ఫాంటు లేకపోతే దగ్గరలో ఉన్న మరొకటి వచ్చి కూర్చుంటుంది. దాని అక్షరాలు కాస్త వెడల్పుగా ఉన్నా చాలు, పంక్తి చివరి పదం కిందికి దిగుతుంది. పేజీ అడుగున ఉన్న సంతకం గడి మరుసటి పేజీకి పోతుంది. దస్తావేజు లేఖరులకు ఇది చిన్న విషయం కాదు.

ఇంగ్లీషు ఫాంట్లకు కొంతవరకు పరిష్కారం దొరికింది. టైమ్స్ న్యూ రోమన్, ఏరియల్ అక్షరాల వెడల్పులతో సరిపోయేలా లిబరేషన్ ఫాంట్లు 2007లో వచ్చాయి. కాలిబ్రికి బదులు కార్లిటో, కేంబ్రియాకు బదులు కేలడియా ఉన్నాయి. ఇవన్నీ ఉచితం. అక్షరం రూపు కొద్దిగా మారినా వెడల్పు అదే కనుక పంక్తులు తెగాల్సిన చోటే తెగుతాయి. అయితే 2023 నుంచి కొత్త వర్డ్‌లో మామూలుగా వచ్చే ఫాంటు ఆప్టోస్. పాత వర్డ్ ఉన్నవారికి, లిబ్రె ఆఫీస్ ఉన్నవారికి అది ఉండకపోవచ్చు. బయటకు పంపే పత్రాల్లో దాన్ని మార్చేయండి. కాగితం కొలత కూడా చూసుకోండి. ఏ4 అంటే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 ఎత్తు. అమెరికా లెటర్ సైజు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. కొత్తగా పెట్టిన సాఫ్ట్‌వేర్‌లో లెటర్ ఉండిపోయి, పంపినవారు ఏ4 అనుకోవడం ఎన్నో గొడవలకు మూలం.

ఇప్పుడు తెలుగు. ఇవాళ నేను ఎక్కువసేపు మాట్లాడదలచుకున్నది దీని గురించే.

ప్రపంచ భాషల్లోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. అది వాడకంలోకి రాకముందు ఒక ఫాంటులో 256 స్థానాలకు మించి ఉండేవి కావు. మన అక్షరాలు, గుణింతాలు, వత్తులు వాటిలో ఇమడవు. అందుకని తలకట్టు, కొమ్ము, ఏత్వం, వత్తు అన్నింటినీ ముక్కలుగా విడదీసి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు అలా పుట్టినవే. అప్పటికి అది గొప్ప పరిష్కారం. తెలుగు అచ్చు పనిలో ఎంతో భాగం వాటి మీదే నడిచింది. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. కానీ ఆ ఫైలులో ఉన్నది తెలుగు కాదు. ఫాంటు తీసేస్తే మిగిలేది చుక్కలు, గీతలు తగిలించుకున్న ఇంగ్లీషు అక్షరాల గుంపు. అందులో ఒంగోలు అని యూనికోడ్‌లో వెతికితే దొరకదు. పేర్ల జాబితాను అకారాది క్రమంలో పెట్టమంటే కుదరదు. చూపు లేనివారు ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్‌తో వినాలనుకుంటే అర్థం లేని ఇంగ్లీషు శబ్దాలు వినిపిస్తాయి. మన మధ్య ఉన్న అంధ ఉపాధ్యాయులకు, విద్యార్థులకు అలాంటి ఫైలు పంపడమంటే ఖాళీ కాగితం ఇవ్వడమే. ఈ ఒక్క కారణం చాలు, పాత పద్ధతి వదిలేయడానికి.

1991లో వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. మన లిపికి 128 స్థానాలు కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన పేర్లతో యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఆ తరువాత మండలి, గిడుగు, గురజాడ, సూరన్న, పెద్దన, ధూర్జటి పేర్లతో వచ్చిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. నోటో సాన్స్ తెలుగు ఉంది. ఫాంట్లు లేవనే మాటకు ఇప్పుడు చోటు లేదు. చేతికి పాత కీబోర్డు అలవాటైందనేది మాత్రం నిజమైన ఇబ్బందే. ఇన్‌స్క్రిప్ట్ వరుస విండోస్‌లో ఎప్పటి నుంచో ఉంది, ఉచ్చారణ ప్రకారం కొట్టే తెలుగు కీబోర్డు విండోస్ 10లో 2019 నుంచి ఉంది. షాపులో కొత్తగా చేరే కుర్రవాళ్లకు వాటితోనే నేర్పండి. వాళ్లకు పాత అలవాటు అంటించకండి.

యూనికోడ్‌లో కొట్టినా కొన్ని చిక్కులు మిగులుతాయి. వర్డ్‌లో, లిబ్రె ఆఫీస్‌లో తెలుగును సంక్లిష్ట లిపుల వర్గంలో పెట్టారు. దానికి ఇంగ్లీషుతో సంబంధం లేకుండా వేరే ఫాంటు, వేరే సైజు ఉంటాయి. పైన కనిపించే ఫాంటు గడిలో ఏదో ఎంచుకుని, తెలుగుకు కూడా అదే వర్తించిందనుకుని పంపేస్తాం. నిజానికి తెలుగు అక్షరాలు ఆ కంప్యూటర్‌కు తోచిన ఫాంటులో కనిపిస్తున్నాయి. అవతలి కంప్యూటర్‌కు మరొకటి తోస్తుంది. లిబ్రె ఆఫీస్‌లో టూల్స్ మెనూ, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నచోట టిక్కు పెట్టి తెలుగు ఎంచుకోండి. అప్పుడు ఫాంటు పెట్టెలో తెలుగుకు వేరే గడి వస్తుంది. వర్డ్‌లో ఫాంటు పెట్టె తెరిస్తే కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే గడి ఉంటుంది. ఫాంటు పేరు అక్కడ స్పష్టంగా ఇవ్వండి. తెలుగు ఫాంట్లలో పంక్తుల మధ్య ఎడం చాలా తేడాగా ఉంటుంది. గౌతమిలో అది బాగా ఎక్కువ. గౌతమిలో పది పేజీలున్న పత్రం మరో ఫాంటులో ఏడో ఎనిమిదో పేజీలకు కుదించుకుపోతే ఆశ్చర్యం లేదు. పంక్తి ఎడాన్ని ఖచ్చితమైన పాయింట్లలో ఇస్తే ఆ తేడా చాలావరకు పోతుంది. ఎంత ఇచ్చినా కింది వత్తులు తెగకుండా చూసుకోండి.

మరో చిక్కు కంటికి కనిపించని అక్షరం. సాఫ్ట్‌వేర్ అని రాసినప్పుడు ట్ తరువాత పొల్లు నిలబడి, వే విడిగా రావాలి. ఆ రెంటినీ కలవకుండా ఆపేది మధ్యలో ఉన్న జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైలు మార్చేటప్పుడు దాన్ని చెత్త అనుకుని తీసేస్తాయి. వెంటనే ట కింద వ వత్తు వచ్చి పడుతుంది. పరాయి భాషా పదాలు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఎక్కువ ఉన్న పత్రాల్లో ఇది తరచూ జరుగుతుంది. దస్తావేజులో మనిషి పేరు మారిపోతే ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫైలు మార్పిడి అయ్యాక పేర్లను ఒకసారి విడిగా చదవండి.

ఫాంటు విషయంలో నా సలహా ఇది. మీరూ, మీతో తరచూ ఫైళ్లు పంచుకునేవారూ ఒకే ఉచిత ఫాంటు మీద మాట అనుకోండి. రెండు వైపులా అదే పెట్టుకోండి. కొత్తవారికి పంపేటప్పుడు ఫాంటును ఫైలులో పొదగండి. వర్డ్‌లో ఆప్షన్స్, సేవ్ అన్నచోట ఆ ఏర్పాటు ఉంది. లిబ్రె ఆఫీస్‌లో ఫైల్ మెనూ, ప్రాపర్టీస్, ఫాంట్ అన్నచోట ఉంది. ఫైలు కాస్త బరువెక్కుతుంది, అంతే.

ఫార్మాట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఓపెన్ డాక్యుమెంట్ అనే ఫార్మాటును ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ 2005లో ఆమోదించింది. 2006లో అది ఐఎస్ఓ 26300 అయింది. రాతపత్రాల ఓడీటీ, లెక్కల పట్టికల ఓడీఎస్ ఈ కుటుంబం. మైక్రోసాఫ్ట్ 2007 నుంచి వాడుతున్న డాక్ఎక్స్ కుటుంబం 2008లో ఐఎస్ఓ 29500 అయింది. దానికి ఆమోదం అంత సులువుగా రాలేదు. భారత్ వ్యతిరేకంగా ఓటు వేసింది. ఆమోదం పొందాక బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనిజువెలాతో కలిసి అప్పీలు కూడా చేసింది. అప్పీళ్లు నిలవలేదు. 2010 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-పరిపాలనకు బహిరంగ ప్రమాణాల విధానాన్ని ప్రకటించింది. బ్రిటన్ ప్రభుత్వం 2014లో మరింత స్పష్టంగా నిర్ణయించింది. దిద్దాల్సిన పత్రాలకు ఓపెన్ డాక్యుమెంట్, చదవాల్సిన వాటికి పీడీఎఫ్ లేదా వెబ్ పేజీ అని చెప్పేసింది. పౌరుడు ప్రభుత్వానికి ఒక దరఖాస్తు పంపడానికి ఫలానా కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పరిస్థితి ఉండకూడదు. ఇది నా గట్టి నమ్మకం. మన దేశం 2008లో వేసిన ఓటు గురించి గర్వపడతాను. ఆ స్ఫూర్తి మన ఆఫీసు బల్లల దాకా ఇంకా రాలేదని బాధపడతాను.

అయితే పని జరగాలి కదా. నలుగురిలో ముగ్గురు వర్డ్ వాడుతుంటే, పత్రం చేతులు మారుతూ ఉంటే, మొదటి నుంచి చివరి దాకా డాక్ఎక్స్‌లోనే ఉంచండి. ఒకసారి ఓడీటీ, మరోసారి డాక్ఎక్స్ అంటూ అటూ ఇటూ మార్చవద్దు. మార్పిడి జరిగిన ప్రతిసారీ ఏదో కొంత రాలుతుంది. పాత డాక్ ఫార్మాటులో పంపడం మాత్రం మానండి. అది 2007కు ముందటిది. మీరు ఒక్కరే దాచుకునే పత్రమైతే ఓడీటీలో ఉంచుకోండి.

లెక్కల కాగితాల దగ్గరకు వద్దాం. వర్డ్ ఫైలు చెదిరితే కంటికి కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేసి చెబుతారు. ఎక్సెల్ పట్టికలో అంకె మారితే ఎవరికీ కనిపించదు. అందుకే దీనికి నేను ఎక్కువ భయపడతాను.

మన సర్వే నంబర్లు చూడండి. 12/3 అని ఒక గడిలో కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. కంప్యూటర్‌లో భారతదేశపు తేదీ పద్ధతి ఉంటే మార్చి 12, అమెరికా పద్ధతి ఉంటే డిసెంబర్ 3. డోరు నంబరు 2-45 ఏదో సంవత్సరపు ఫిబ్రవరి అయిపోతుంది. పొరపాటు గమనించి గడిని అక్షరాలుగా మార్చితే మీ నంబరు తిరిగి రాదు. 2025లో భారతదేశపు తేదీ పద్ధతి ఉన్న కంప్యూటర్‌లో 3-12 అని కొట్టి ఉంటే 45994 అనే సంఖ్య కనిపిస్తుంది. తేదీలను ఎక్సెల్ లోపల రోజుల లెక్కగా దాచుకుంటుంది, ఇది ఆ లెక్క. ఈ బాధ మనకే కాదు. మనిషి జన్యువుల పేర్లలో కొన్ని మార్చి, సెప్టెంబర్ నెలల్లా ఉండి ఎక్సెల్‌లో తేదీలైపోతుంటే, పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘం 2020లో జన్యువుల పేర్లనే మార్చుకుంది. మన సర్వే నంబర్లు మార్చుకోలేం కనుక, కొట్టడానికి ముందే ఆ నిలువు వరుస మొత్తాన్ని ఎంచుకుని టెక్స్ట్ అని పెట్టాలి.

ఆధార్ సంఖ్యకు 12 అంకెలు. ఎక్సెల్ మామూలు గడిలో 11 అంకెల దాకా ఉన్నదున్నట్టు చూపిస్తుంది. పన్నెండోది రాగానే 1.23457, పక్కన ఈ, ప్లస్ 11 అని శాస్త్రవేత్తల పద్ధతిలోకి మారుస్తుంది. ఎక్సెల్ ఫైలుగా ఉన్నంతవరకు లోపల అసలు సంఖ్య క్షేమంగానే ఉంటుంది. దాన్ని సీఎస్‌వీగా, అంటే గడులను కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలుగా, దాచారంటే పైకి కనిపించేదే ఫైలులోకి వెళుతుంది. చివరి అంకెలు శాశ్వతంగా పోతాయి. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరు పరిస్థితి ఇంకా ఘోరం. ఎక్సెల్ 15 అంకెలకు మించి గుర్తుపెట్టుకోదు, పదహారోది సున్నా అయిపోతుంది. మొదట్లో సున్నాలుంటే అవీ ఊడిపోతాయి. కూడికలు, తీసివేతలు చేయని ఏ సంఖ్యనైనా అక్షరంగా దాచాలి. ఆధార్, ఖాతా, ఫోను, సర్వే, డోరు నంబర్లు, హాల్ టికెట్లు అన్నీ అంతే.

సీఎస్‌వీలో తెలుగు ఉంటే దాచేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అనే వరుసను ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారతాయి. ఆ ప్రశ్నార్థకాల నుంచి పేర్లను వెనక్కి తెచ్చే మార్గం లేదు. తెరిచేటప్పుడు కూడా రెండుసార్లు నొక్కి తెరవకండి. ఎక్సెల్‌లో డేటా మెనూ ద్వారా తెచ్చుకోండి. లిబ్రె ఆఫీస్ కాల్క్ అయితే తెరిచే ముందు ఒక పెట్టె చూపించి ప్రతి వరుసకూ రకం అడుగుతుంది. ఆ పెట్టెను చదవకుండా సరే నొక్కే అలవాటు మానుకోండి.

చీమకుర్తి మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట. ఇటలీ కొనుగోలుదారులకు బ్లాకుల కొలతలు పంపుతారు. అక్కడ దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు. వేల దగ్గర చుక్క పెడతారు. మీరు సీఎస్‌వీలో పంపిన 2.850 మీటర్లు వారి కంప్యూటర్‌లో 2850 అయ్యే ప్రమాదం ఉంది. ప్యాకింగ్ లిస్టును ఎక్సెల్ ఫైలుగానో, ఓడీఎస్‌గానో పంపితే ఈ బెడద లేదు. లోపల సంఖ్య ఒకటే, చూపించేటప్పుడు ఏ దేశపు సాఫ్ట్‌వేర్ ఆ దేశపు పద్ధతిలో చూపిస్తుంది. మిల్లీమీటర్లలోనో సెంటీమీటర్లలోనో దశాంశాలు లేకుండా రాస్తే మరీ మంచిది. తేదీల్లో నెలను అక్షరాల్లో రాయండి.

ఎక్సెల్ పాత ఫార్మాటు ఎక్స్ఎల్ఎస్ ఇంకా వాడేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. అందులో 65,536 అడ్డు వరుసలకు మించి పట్టవు. కొత్త ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌లో 10,48,576 పడతాయి. 2020లో కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు ఇంగ్లాండ్ ప్రజారోగ్య శాఖ పరీక్షల వివరాలను పాత ఫార్మాటులోకి తీసుకుంది. నిండిపోయాక మిగిలిన వరుసలు పడిపోయాయి. 15,841 మంది రోగుల వివరాలు లెక్కలోకి రాలేదు, వారిని కలిసినవారిని హెచ్చరించడం ఆలస్యమైంది. ఫైలు ఫార్మాటు చాదస్తుల గొడవ అనేవారికి నేను ఈ సంగతే చెబుతాను.

సూత్రాల విషయంలో కొత్తదనం కోసం వెంపర్లాడకండి. పట్టికలో విలువను వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్ చాలా సౌకర్యంగా ఉంటుంది, కానీ లిబ్రె ఆఫీస్‌లోకి అది 2024 ఆగస్టులో వచ్చిన 24.8 వెర్షన్‌తో వచ్చింది. పాత ఎక్సెల్‌లోనూ పనిచేయదు. బయటకు వెళ్లే పట్టికలో అలాంటి పనే చేసే పాత సూత్రం వీలుకప్ చాలు. మాక్రోలు, అంటే ఫైలు లోపలే ఉండి పనులు నడిపే చిన్న ప్రోగ్రాములు, ఉన్న ఫైళ్లు పంపకండి. వేరే సాఫ్ట్‌వేర్‌లో అవి సరిగా నడవవు, భద్రత కారణంగా చాలాచోట్ల తెరవనివ్వరు కూడా.

ఉపాధ్యాయులు ప్రశ్నపత్రాల గురించి అడిగారు. మార్కులను కుడి అంచుకు జరపడానికి స్పేస్ బార్ నొక్కుతూ పోవడం, కొత్త పేజీ కోసం ఎంటర్ నొక్కుతూ పోవడం, ఈ రెండూ మానితే మీ కష్టాల్లో ఎక్కువ భాగం తీరుతుంది. కుడి అంచున ఒక ట్యాబ్ నిలుపు పెట్టుకోండి. కొత్త పేజీకి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కండి. శీర్షికలకు హెడింగ్ శైలులు వాడండి. తేలియాడే టెక్స్ట్ బాక్సుల బదులు పట్టిక వాడండి. బొమ్మలను అక్షరంతో పాటు పంక్తిలోనే ఉండేలా నిలపండి. లెక్కల ఉపాధ్యాయులకు మరొకటి. పాత వర్డ్‌లో ఈక్వేషన్ 3.0తో రాసిన సమీకరణాలను కొత్త వర్డ్‌లో దిద్దలేరు. భద్రతా లోపం వల్ల మైక్రోసాఫ్ట్ దాన్ని 2018 జనవరిలో తొలగించింది. అలాంటి ఫైలును లిబ్రె ఆఫీస్‌లో తెరిచి చూడండి. చాలావాటిని అది తన సమీకరణాలుగా మార్చి దిద్దనిస్తుంది.

ఫోన్‌లో పంపేవారికి రెండు ముక్కలు. వాట్సాప్‌లో కాగితం ఫొటోను ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది. అందుకునేవారు ఫోన్‌లోనే చూస్తారని తెలిస్తే ఎనిమిది నిలువు వరుసల పట్టిక పంపకండి.

పంపే ముందు పరీక్ష ఎలా చేయాలో చెప్పి ముగిస్తాను. మీ కంప్యూటర్‌లో వర్డ్ ఉంటే లిబ్రె ఆఫీస్ కూడా పెట్టుకోండి, డబ్బు కట్టనక్కర్లేదు. ముఖ్యమైన పత్రాన్ని రెండింటిలోనూ తెరిచి చూడండి. పేజీల సంఖ్య, పట్టికల అంచులు, మనుషుల పేర్లు, మొత్తాలు చూస్తే చాలు. ఒప్పందాల్లో దిద్దుబాట్లను గుర్తుపెట్టే ట్రాక్ చేంజెస్ వాడి ఉంటే, పాత మార్పులు, వ్యాఖ్యలు లోపల మిగిలి ఉన్నాయేమో చూడండి. మీ కక్షిదారు తగ్గడానికి సిద్ధపడిన ధర అవతలి పక్షానికి కనిపించకూడదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక ఉపాధ్యాయురాలు: మా బడిలో లిబ్రె ఆఫీస్ పెట్టుకున్నాం సార్. పై ఆఫీసువారు వర్డ్ ఫైలే కావాలంటున్నారు. ఏం చేయాలి?)

వారు పంపిన నమూనా డాక్ఎక్స్ ఉంటే అందులోనే నింపండమ్మా, కొత్త ఫైలు తయారుచేయకండి. దాచేటప్పుడు ఫార్మాటు మార్చాలా అని అడిగితే వర్డ్ ఫార్మాటులోనే ఉంచు అనే మీట నొక్కండి. దానితో పాటు ఒక పీడీఎఫ్ జతచేయండి. వారి దగ్గర ఏదైనా చెదిరితే మీరు ఉద్దేశించిన రూపం ఏమిటో దాన్ని చూసి తెలుసుకుంటారు. వర్డ్ లేదని మొహమాటపడాల్సిన అవసరం మీకు లేదు. మీరు పంపేది వారి సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటే చాలు.

(ఒక డీటీపీ నిర్వాహకుడు: మా నాన్నగారి కాలం నుంచి పేజ్ మేకర్ ఫైళ్లు ఉన్నాయండీ, అన్నీ అను ఫాంట్లలో. ఇప్పుడు వాటినేం చేయాలి?)

అచ్చు పేజీలు అమర్చే పేజ్ మేకర్ సాఫ్ట్‌వేర్‌కు 2001లో వచ్చిన 7.0 తరువాత కొత్త తరం రాలేదు. మీ పాత కంప్యూటర్ ఇంకా నడుస్తోందా? అయితే ముందు అందులోనే ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా తీసేయండి. పేజీల రూపం దక్కుతుంది. ఆ కంప్యూటర్ ఆగిపోతే లిబ్రె ఆఫీస్ డ్రాలో ప్రయత్నించండి. 2015లో వచ్చిన 4.4 నుంచి అది పేజ్ మేకర్ ఫైళ్లు తెరుస్తోంది. అమరిక అటూ ఇటూ అయినా అక్షరాలు చేతికొస్తాయి. తరువాత ఆ అక్షరాలను అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉపకరణంలో వేయండి. మధ్యమధ్య ఉన్న ఇంగ్లీషు మాటలు అందులో పాడవుతాయి, వాటిని ముందే గుర్తుపెట్టుకోవాలి. చివరగా పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని ప్రూఫు చూడాలి. ఇది ఓపికతో కూడిన పని, అన్ని ఫైళ్లకూ చేయలేరు. ఈ చుట్టుపక్కల ఊళ్ల కవులు, ఉపాధ్యాయులు సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్న పుస్తకాలు, ఊరి చరిత్రలు, గుడి చరిత్రలు మీ దగ్గర ఉంటాయి. చాలావాటికి ఆ ఫైలు తప్ప మరో మూలం ఉండదు. వాటితో మొదలుపెట్టండి. శుభలేఖల సంగతి తరువాత చూసుకోవచ్చు.